బొమ్మలో నాటిన చెట్టు



హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ అపార్ట్‌మెంట్లు కట్టబోయే స్థలం చుట్టూ ముందుగా రేకుల ప్రహరీ లేస్తుంది. ఆ రేకుల మీద, రాబోయే భవనం ఎలా ఉంటుందో చూపించే పెద్ద బొమ్మ అతికిస్తారు. దాన్నే రెండరింగ్ అంటారు. అందులో భవనం ఎంత కొత్తగా మెరుస్తూ ఉంటుందో, చుట్టూ చెట్లు అంత ముదురుగా ఉంటాయి. మాను లావు, కొమ్మల విరివి చూస్తే ఒక్కొక్కటీ ముప్ఫై ఏళ్ళు దాటిన చెట్టులా కనిపిస్తుంది. రేకుల అవతల మాత్రం అప్పటికి ఉన్నది చదును చేసిన మట్టినేల. భవనం మూడు నాలుగేళ్ళలో పూర్తవుతుంది. ఆ చెట్లు అలా కావాలంటే ఇంకో తరం గడవాలి. ఒకే బొమ్మలో రెండు వేర్వేరు కాలాలను కలిపేసి, రెండూ ఒకే రోజున చేతికొస్తాయన్నట్టు చూపిస్తున్నారు. నా వాదన చిన్నది. స్థలంలో ఇప్పటికే ఉన్న చెట్టును ఉన్నది ఉన్నట్టు గీయాలి. ఇంకా నాటని చెట్టును సంకేతంగా, శైలీకరించి, నైరూప్యంగా గీయాలి. ఇది అందానికి సంబంధించిన ఇష్టాయిష్టాల మాట మాత్రమే కాదు. ఏది ఖాయమో, ఏది ఆశో చూసేవాళ్ళకు తెలియజెప్పే బాధ్యత ఇందులో ఉంది.

ఈ స్థితి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. కంప్యూటర్లో చెట్టును పుట్టించడం ఒకప్పుడు చాలా కష్టమైన పని. 1968లో అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే హంగేరీ జీవశాస్త్రవేత్త మొక్కల పెరుగుదలను వర్ణించడానికి ఒక గణిత పద్ధతి కనిపెట్టాడు. ఒక రెమ్మ స్థానంలో రెండు రెమ్మలు, వాటి స్థానంలో నాలుగు అంటూ ఒకే నియమాన్ని మళ్ళీ మళ్ళీ వర్తింపజేస్తూ పోతే చెట్టు తయారవుతుంది. ఆ మార్గంలో, ఇంకా ఎన్నో పద్ధతులు తోడై, ఇవాళ లక్షల ఆకులున్న చెట్టును మౌస్ ఒక్కసారి నొక్కి బొమ్మలో పెట్టేయవచ్చు. గాలికి ఊగేలా చేయవచ్చు, ఋతువు మార్చవచ్చు. ఇది గొప్ప విద్యే, అందులో సందేహం లేదు. కానీ ఈ తయారీ చెట్ల భాండాగారాల్లో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా చెట్లు. మేపుల్, బిర్చ్, బీచ్ వంటివి. వాటిని తీసుకొచ్చి కొండాపూర్‌లోనో గుంటూరులోనో కట్టే భవనం ముందు నిలబెడితే, బొమ్మ ఫోటోలాగే ఉంటుంది, కానీ అందులో చూపించిన చెట్టు ఈ ఎండకు, ఈ నేలకు సంబంధించింది కాదు. ఫోటోలా ఉండటం వేరు, నిజమై ఉండటం వేరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

వెలుగునీడల సంగతే తీసుకోండి. హైదరాబాదు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకులో ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు చెట్టు నీడ పక్కకు జారదు, సరిగ్గా కొమ్మల కిందే పడుతుంది. అంటే ఆ ఎండలో మనిషికి దక్కే నీడ, కొమ్మలు పైన ఎంత మేర పరుచుకున్నాయో అంతే. గుబురు ఇరవై అడుగుల వెడల్పుంటే నీడా ఇరవై అడుగులే. నిటారుగా సన్నగా పెరిగే నరమామిడి, అందరూ అశోకచెట్టు అని పిలుచుకునేది, వరసగా ఎన్ని నాటినా మే నెలలో కింద నిలబడ్డ మనిషికి నీడ దాదాపు దొరకదు. గొడుగులా విచ్చుకునే నిద్రగన్నేరు ఒక్కటే ఎంతోమందిని కాపాడుతుంది. మన బొమ్మలు ఈ తేడాను చూపిస్తున్నాయా? చాలావాటిలో సాయంకాలపు ఏటవాలు ఎండ, నేల మీద పొడుగ్గా సాగిన నీడలు, బంగారు రంగు ఆకులు. కంటికి హాయిగానే ఉంటుంది. కానీ కొనేవాళ్ళు తెలుసుకోవలసిన అసలు విషయం, అంటే మధ్యాహ్నం పన్నెండింటికి పిల్లలు ఆడుకునే చోట నీడ ఉంటుందా లేదా అన్నది, అందులో ఉండదు. ఒక్క వృత్తం, మధ్యలో ఒక చుక్క, చుట్టూ కొలిచి వేసిన నీడ ఉన్న సాదా ప్లాను ఆ విషయాన్ని ఒక్క చూపులో చెబుతుంది. ఆకు ఒక్కటీ లేని ఆ వృత్తం, లక్ష ఆకుల బొమ్మకంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది.

సంకేతంగా గీయడమంటే చెట్టు గుర్తింపును చెరిపేయడం అనుకుంటారు చాలామంది. అలా అనుకోనక్కర్లేదని చెప్పే సాక్ష్యం మన దేశంలోనే రెండు వేల ఏళ్ళ పైనాటిది ఉంది. భార్హుత్ స్తూపపు రాతి కటకటాలు ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీస్తుపూర్వపు ఆ శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఆయనకు గుర్తుగా ఆసనాన్నీ, దాని వెనక చెట్టునూ చెక్కారు. గౌతముడికి ముందున్న బుద్ధులకు ఒక్కొక్కరికీ ఒక్కో చెట్టు. ఒకరికి మేడి, ఒకరికి మర్రి, ఒకరికి దిరిసెన, ఒకరికి సాలవృక్షం. గౌతముడికి రావి. కింద పేర్లు చెక్కి ఉండటంవల్ల ఇది మన ఊహ కాదని తెలుస్తోంది. ఆ చెట్లకు వేల ఆకులు లేవు. కొద్దిపాటి ఆకులు, ఉన్నదానికన్నా ఎంతో పెద్దవిగా, పద్ధతిగా అమర్చి ఉంటాయి. అయినా రావి ఆకు రావి ఆకే. అమరావతి శిల్పాల్లోనూ అంతే, ఖాళీ ఆసనం మీద కొమ్మలు విప్పిన బోధివృక్షం కనిపిస్తుంది. శిల్పి వదిలేసినవి వందల వివరాలు. వదలనిది మాత్రం ఆ చెట్టును ఆ చెట్టుగా నిలబెట్టే ఒకటి రెండు లక్షణాలు. ఏది తీసేయవచ్చో, ఏది తీసేస్తే చెట్టే పోతుందో ఆయనకు తెలుసు. నైరూప్య చిత్రణలో ఉన్న విద్య అంతా ఆ తెలియడంలోనే ఉంది.

దీనికి పక్కనే మన మచిలీపట్నం కలంకారీని పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కోరమాండల్ తీరం నుంచి పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాల్లో ఐరోపాకు ఓడలెక్కిన పెద్ద పెద్ద అద్దకపు దుప్పట్ల మీద జీవవృక్షం ఉంటుంది. రాతిగుట్ట మీంచి మెలికలు తిరుగుతూ లేచే ఒకే మాను, దానికి రకరకాల ఆకులు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పది రకాల పూలు. ప్రకృతిలో అలాంటి చెట్టు లేదు, ఉండనక్కర్లేదు. అది పడకగదిలో కన్నులపండువు చేయడానికి పుట్టింది, ఆ పని అద్భుతంగా చేసింది. కానీ భవన నిర్మాణ చిత్రం దుప్పటి కాదు. దాన్ని చూసి మనుషులు జీవితకాలపు పొదుపు పెట్టి ఇల్లు కొంటారు, మునిసిపాలిటీ అనుమతులిస్తుంది, ఊరి రూపురేఖలు మారతాయి. అందుకే వాస్తుశిల్పి చెట్టు కలంకారీ దారిన కాక భార్హుత్ దారిన నడవాలంటాను. తీసేసే స్వేచ్ఛ ఉండాలి, లేనిది కలిపే స్వేచ్ఛ ఉండకూడదు.

ఆధునిక కాలంలో ఈ పనిని అందరికంటే బాగా చేసిన వ్యక్తి అని నేను నమ్మేది మారియన్ మహోనీ గ్రిఫిన్‌ను. 1894లో ఎమ్ఐటీలో వాస్తుశిల్పం చదివి పట్టా పుచ్చుకున్న ఆవిడ, ఆ కోర్సు పూర్తిచేసిన రెండో మహిళ. చికాగో దగ్గర వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కార్యాలయంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. 1910లో బెర్లిన్‌లో అచ్చయి, ఐరోపా వాస్తుశిల్పుల కళ్ళు తెరిపించిన రైట్ చిత్రసంపుటంలో చాలా బొమ్మలకు మూలం ఆవిడ చేయి. జపాను చెక్క అచ్చుబొమ్మల ప్రభావం వాటిలో స్పష్టంగా కనబడుతుంది. ఇండియానా రాష్ట్రంలోని డిరోడ్స్ ఇంటి బొమ్మ మీద రైట్ స్వయంగా, దీన్ని గీసింది మహోనీ అనీ, వరవడి తనదీ, జపాను చిత్రకారుడు హిరోషిగేదీ అనీ అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో చెట్లను దగ్గరగా చూడండి. గీత ఒకటే మందం. వెలుగునీడల పులుముడు లేదు. ఆకుల గుబురు అంచుగీతతో, చిన్నచిన్న పలకలుగా విడిపోయి ఉంటుంది. కొమ్మ ఒకటి కాగితం అంచులోంచి లోపలికి వచ్చి ఆగిపోతుంది. భవనపు అడ్డగీతలు ఎక్కడ మరీ బిగుసుకుంటాయో అక్కడ ఆకులు వచ్చి కాస్త వదులు చేస్తాయి. చెట్టు భవనాన్ని కప్పదు, భవనానికి పక్కవాయిద్యం వాయిస్తుంది. చూసేవాళ్ళకు అది నిజం చెట్టేమో అన్న భ్రమ ఒక్క క్షణం కూడా కలగదు. అయినా ఆ ఇంటి చుట్టూ పచ్చదనం ఎలా ఉండాలన్నది సంపూర్ణంగా అర్థమవుతుంది. తరవాత భర్త వాల్టర్ బర్లీ గ్రిఫిన్‌తో కలిసి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ప్రణాళికకు ఆవిడ గీసిన చిత్రాలు 1912లో పోటీ గెలవడానికి తోడ్పడ్డాయి. అక్కడి అడవి చెట్లను పేరుపేరునా చిత్రించింది కూడా.  

మహోనీ నుంచి నేర్చుకోవలసింది గీత గురించి అయితే, శ్రీలంకలో వాస్తుశిల్పి జెఫ్రీ బావా కార్యాలయం నుంచి నేర్చుకోవలసింది విచక్షణ. 1960ల నుంచి అక్కడ లకీ సేనానాయకే వంటి చిత్రకారుల చేతుల్లో ఒక ప్రత్యేకమైన చిత్రణ పద్ధతి రూపుదిద్దుకుంది. స్థలంలో ఉన్న చెట్టును మాను వంపుతో, కొమ్మ తిరిగిన తీరుతో, ఆకుల రకంతో సహా నల్లసిరా గీతల్లో దింపేవారు. అది ఏదో ఒక చెట్టు కాదు, ఆ స్థలంలో ఆ చోట నిలబడి ఉన్న చెట్టు. దాన్ని అంత శ్రద్ధగా గీసిన తరవాత గోడ కోసం కొట్టేయడానికి చేయి రాదు, గోడే పక్కకు జరుగుతుంది. నా వాదనలోని రెండు సగాలు ఇక్కడ కలుస్తాయి. ఉన్న చెట్టుకు వివరం కావాలి, ఎందుకంటే ఆ వివరం దానికి రక్షణ. రాబోయే చెట్టుకు సంకేతం కావాలి, ఎందుకంటే వివరం దాని విషయంలో అబద్ధమవుతుంది. ఇవాళ్టి మన బొమ్మల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. స్థలంలో ఉన్న ముసలి వేపచెట్టు బొమ్మలోకి రాదు, అది సర్వే కాగితాల దగ్గరే మాయమవుతుంది. లేని మేపుల్ చెట్టు మాత్రం ఈనెలతో సహా కనిపిస్తుంది.

ఇక చేసేవాళ్ళ కోసం నాలుగు మాటలు. శైలీకరించిన చెట్టంటే కర్ర మీద ఆకుపచ్చ బంతి కాదు. ఒక వేపచెట్టును ఊహించండి. మాను పొట్టి. మనిషి నిలువుకు కాస్త పైన రెండు మూడు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. పైన గుబురు ఒకే గుండ్రంగా ఉండదు, ఐదారు గుబుర్లుగా విడివిడిగా ఉండి, మధ్య సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. కంప్యూటర్లో దీన్ని కట్టాలంటే ఆ ఐదారు గుబుర్లకు ఐదారు నొక్కిన గోళాలు చాలు. వాటి మధ్య సందులు వదిలి, రంగును పలచన చేసి, వెనక గోడ కనిపించేంత పారదర్శకత ఇస్తే వేప నీడలోని చెదురుమదురుతనం కూడా వచ్చేస్తుంది. మర్రికైతే ఆ పారదర్శకత తగ్గించాలి, ఎందుకంటే దాని నీడ చిక్కన. కొమ్మలు మాత్రమే చూపించదలిస్తే లియొనార్డో డావిన్చీ తన నోటుపుస్తకాల్లో రాసుకున్న సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఏ ఎత్తులోనైనా కొమ్మలన్నిటినీ కట్టకట్టి చూస్తే వాటి మందం మాను మందానికి సమానంగా ఉండాలన్నది అందులోని సారం. ఈ లెక్క తప్పినప్పుడు చెట్టు ఎందుకు బాగాలేదో చూసేవాళ్ళు చెప్పలేరు గానీ, బాగాలేదని మాత్రం పసిగడతారు. ఎత్తు, గుబురు వెడల్పు, మొదటి కొమ్మ ఎంత ఎత్తున మొదలవుతుంది, వెలుగు ఎంత కిందికి దిగుతుంది, ఈ కొలతలు నిజమైతే చాలు. రంగు తెలుపైనా బూడిదైనా ఫరవాలేదు. 1950ల్లో చండీగఢ్ కడుతున్నప్పుడు ఏ వీధికి ఏ ఆకారపు చెట్టు కావాలో వాస్తుశిల్పి లె కొర్బుజియె గీతల్లో చూపించాడు. ఈ నేలలో బతికి ఆ ఆకారంలో పెరిగే జాతులు ఏవో ఎంచడంలో, వృక్షశాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన అధికారి ఎం.ఎస్. రణధావా ముందు నిలిచారు. ఆకారం, ఆ తరవాత జాతి. ఈ వరస నాకు సబబుగా తోస్తుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. కొనేవాళ్ళకు ఇలాంటి బొమ్మలు అర్థం కావు, వాళ్ళకు నిజంలా కనిపించాలి అంటారు బిల్డర్లు. మామూలు జనం సంకేతాన్ని చదవలేరన్న మాటను నేను ఒప్పుకోను. చేర్యాల పటం ముందు కూర్చుని కథ విన్న ఊళ్ళు మనవి. అందులోని చెట్టును చూసి ఇది అడవి, ఇది తోట అని పిల్లలు కూడా పోల్చుకుంటారు. బాలకృష్ణ దోషి, 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మన వాస్తుశిల్పి, తన నిర్మాణాలను మొగలు, రాజస్థానీ సూక్ష్మచిత్రాల పద్ధతిలో బొమ్మలుగా వేయించాడు. ప్లాను, ఎలివేషను ఒకే కాగితం మీద కలిసి, చుట్టూ గుండ్రటి గుబుర్ల చెట్లు, నెమళ్ళు, మనుషులు ఉంటారు. అవి అర్థం కావడం కష్టమేమీ కాదు. అసలు జనం అడుగుతున్నది ఫోటో కాదు, భరోసా. ఆ భరోసాను చట్టం కూడా గుర్తించింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం పన్నెండో సెక్షను ప్రకారం, ప్రకటనలోనో నమూనాలోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన కొనుగోలుదారుకు బిల్డరు పరిహారం ఇవ్వాలి. అందుకే బ్రోషర్ అడుగున, భూతద్దానికి మాత్రమే అందే అక్షరాల్లో, ఇది చిత్రకారుడి ఊహ మాత్రమే అని రాస్తున్నారు. ఊహ అని చెప్పదలిస్తే బొమ్మే చెప్పాలి. నైరూప్యంగా గీసిన చెట్టు ఆ మాటను పెద్ద గొంతుతో, అడుగున ఏ అక్షరాలూ అవసరం లేకుండా చెబుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది, దానికి సగం తల వంచవలసిందే. సంకేతంతో కూడా మోసం చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు. అందమైన పారదర్శక గోళాన్ని సెల్లార్ పైకప్పు మీద ఎక్కడైనా పెట్టేయవచ్చు. మన నగరాల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. స్థలమంతా తవ్వి కింద రెండు మూడు అంతస్తుల పార్కింగు కడతారు, తోట ఆ స్లాబు మీదికి వస్తుంది. గడ్డికి అర అడుగు మట్టి చాలు. పెద్ద చెట్టు నిలబడాలంటే కనీసం మూడు నాలుగు అడుగుల లోతు మట్టి, వేళ్ళు పక్కలకు పారే చోటు కావాలి. ఘనమీటరు తడిమట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. ఆ బరువుకు స్లాబును ముందే లెక్కగట్టకపోతే అక్కడ తొట్లో మొక్కలే గానీ చెట్లుండవు. కాబట్టి చెట్టు కింద మట్టి లోతు చూపించని బొమ్మ, ఫోటోలా ఉన్నా గోళంలా ఉన్నా, అసంపూర్ణమే. శైలీకరణ ఒక్కటే నిజాయితీకి పూచీ ఇవ్వదని ఒప్పుకుంటున్నాను. కొలతలతో జత కలిసినప్పుడే ఇస్తుంది.

మిలాన్‌లోని బోస్కో వెర్టికాలే సంగతేమిటని అడిగేవారున్నారు. 2014లో పూర్తయిన ఆ జంట గోపురాల బాల్కనీల్లో సుమారు 800 చెట్లున్నాయి. అక్కడ చెట్టే భవనం, దాన్ని సంకేతంగా చూపిస్తే ఏం మిగులుతుందని వాదన. నిజమే. కానీ దాని వాస్తుశిల్పి స్టెఫానో బోయెరి బృందం ఆ చెట్లను ముందే నర్సరీలో పెంచింది. గాలికి పడిపోకుండా ఉక్కు తాళ్ళతో కట్టింది. మట్టి బరువును మొదటి నుంచే కట్టడపు లెక్కల్లో కలిపింది. జాతి తెలుసు, వయసు తెలుసు, చోటు తెలుసు. అలాంటప్పుడు వివరంగా గీసే హక్కు వాళ్ళకుంది. మిగతావాళ్ళు ఆ బొమ్మను చూసి ఆకులను తెచ్చుకున్నారు, లెక్కలను వదిలేశారు.

ఈ మాటలు వింటున్న వాస్తుశిల్ప విద్యార్థులారా, మీ తరువాతి డ్రాయింగులో స్థలంలో ఉన్న ప్రతి చెట్టునూ వెళ్ళి చూసి, కొలిచి, పేరుతో గీయండి. నాటబోయేదాన్ని సాదా గీతలో, ఎన్నేళ్ళ వయసులో అంత వెడల్పవుతుందో పక్కన రాసి చూపించండి. ఇల్లు కొనబోతున్న శ్రోతలారా, బ్రోషర్ చేతికి ఇచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ చెట్టు పేరేమిటి? దీని కింద మట్టి ఎంత లోతు? మాకు తాళాలిచ్చే రోజుకు ఇది ఎంత ఎత్తుంటుంది? జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.